హెల్ప్‌లైన్ నంబరు

"రాజపాళయం వ్యాపారం ఇక నేలమీద నడవదు, నెట్‌లో నడుస్తుంది!" అని మా కౌన్సిలర్ శివసుబ్రహ్మణ్య గారు కల్యాణ మండపంలో ప్రకటించినారు. ముందు వరుసలో ఉన్నవాళ్లమందరమూ చప్పట్లు కొట్టినాము. వెనక వరుస లేదు.

ఊరి వ్యాపారాలన్నిటికీ నెట్‌లో ఒక పోర్టల్ పెట్టకముందు స్టడీ చెయ్యాలి కదా. దానికి నన్ను వేసినారు. నేను కాలేజీలో ఎం.బి.ఏ. పాఠం చెప్తాను. 'ఆన్‌లైన్ బిజినెస్ మోడల్, స్ట్రాటజీ మీద ఐటీ ప్రభావం' అని తొమ్మిదేండ్లుగా పీహెచ్‌డీ చేస్తుండాను. ఆన్‌లైన్‌లో చెప్పులు కొనాలన్నా ఫోన్ మా ఇంటామె దర్శిని చేతికే ఇస్తాను. ఇంతకన్నా తగిన మనిషి ఊళ్లో ఎవరుండారు?

కేస్ స్టడీకని పక్కనుండే చోళపురం పోయినాను. అక్కడ అఖిలాండమ్మ ఇంట్లోనే బ్యాండేజి గుడ్డ చుట్టించి, వాట్సాప్‌లో ఫోటో పెట్టి, మదురై ఆస్పత్రులకు పంపుతుంది. నలుగురు ఆడవాళ్లకు అదే బతుకు.

"మీ స్ట్రాటజీ ఏమమ్మా?"

"ఫోన్ మోగితే ఎత్తుతాను సార్."

"అది కాదమ్మా, బిజినెస్ మోడల్?"

"మోగకపోతే నేనే చేస్తాను."

పాపం, థియరీ తెలీదు. పద్దెనిమిది పేజీలు నేనే రాసుకొన్నాను.

పోర్టల్ తయారైంది. పైన కౌన్సిలర్ గారి ఫోటో, పక్కన ఆయనదే ఇంకొంచెం పెద్ద ఫోటో. అడుగున హెల్ప్‌లైన్ నంబరు చోటు మాత్రం ఖాళీ. "ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఏదన్నా ఉందా సార్?" అని పోర్టల్ చేసే పిల్లోళ్లు నన్ను అడిగినారు. నా స్టడీ మొత్తంలో అట్లాంటి నంబరు ఒక్కటే దొరికింది. ఇచ్చేసినాను. ఆమెను అడగాలని తోచలేదు. రిపోర్టులో 'స్టేక్‌హోల్డర్ ఇంటిగ్రేషన్' అని రాసినాను.

మరుసటి రోజు నుంచి అఖిలాండమ్మ ఫోన్ ఆగలేదు. కౌన్సిలర్ ఫోటో చూసినవాళ్లు గుడ్డ అడుగుతారా? నీళ్లు రాలేదు, లైటు వెలగలేదు, కుక్క కరిచింది. మొదట "రాంగ్ నంబర్" అనింది. ఒక ముసలామె నాలుగు రోజులుగా నీళ్లు లేవని ఏడిస్తే మనసు ఒప్పలేదు. తన దగ్గర గుడ్డ చుట్టే పాండీశ్వరి మొగుడు కాశి రాజపాళయంలో నీళ్ల వాల్వు తిప్పే పనిలో ఉండాడు. అతనికి చెప్పింది. సాయంత్రానికి నీళ్లు వచ్చినాయి.

అదే ఆమె చేసిన తప్పు. ఆ తరువాత ఊరంతా ఆమెకే ఫోన్. మదురై ఆస్పత్రి వాళ్లకు మూడు రోజులు ఎంగేజ్ వచ్చేసరికి వేరేచోట గుడ్డ కొనుక్కొన్నారు. నేను 'కస్టమర్ ఎంగేజ్‌మెంట్ తొమ్మిది రెట్లు' అని రాసినాను.

ఒక పొద్దున కౌన్సిలర్ గారు కారులో మా ఇంటికి వచ్చి, "చోళపురం పోదాం, దారి చూపించండి" అన్నారు. పోర్టల్‌లోనుంచి ఆమె నంబరు తీయించడానికేమో అనుకొన్నాను. ఆమె ముఖం ఎట్లా చూసేది అనుకొంటూనే కారెక్కినాను.

అఖిలాండమ్మ తిన్నెమీద కూర్చొని నోటుబుక్కులో రాసుకొంటుండాది. లోపల గుడ్డ చుట్టే పని లేదు. ఆడవాళ్లు నలుగురూ ఫోన్లలో ఎవరికో సమాధానం చెప్తుండారు.

"సార్, నా నంబరు ఎవరిచ్చినారో కొంచెం కనుక్కొని చెప్పండి" అనింది నన్ను చూసి.

"స్టడీ చేస్తానమ్మా" అన్నాను.

కౌన్సిలర్ గారు నన్ను దాటుకొని ముందుకు పోయినారు.

"అమ్మా, మా వీధికి వారంగా నీళ్లు లేవు. మీ లైను ఎప్పుడూ బిజీ. అందుకే నేరుగా వచ్చినాను."

ఆమె తల ఎత్తకుండానే వీధి పేరు అడిగి రాసుకొనింది.

"మీ కౌన్సిలర్ దగ్గర చెప్పినారా?"

శివసుబ్రహ్మణ్య గారు నా వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకొన్నారు.

"ఆయన ఫోన్ ఎత్తడమ్మా."