పొట్టి గెలాక్సీలు, రెండు చుక్కలు

ఆదివారం పది గంటలకు గరిడేపల్లి బడిలో ఉపన్యాసం దంచి, పన్నెండింటికల్లా హైదరాబాదు బస్సెక్కాలని జవహర్ పథకం. పక్క తండాలో పుట్టిన జవహర్ ఆరేళ్లుగా హైదరాబాదులో పొట్టి గెలాక్సీల మీద పరిశోధన చేస్తున్నాడు. గెలాక్సీ అంటే చుక్కల గుంపు. ఈ పొట్టి గుంపుల్లో కొత్త చుక్కలు తెగ పుడుతుంటాయి, ఎక్స్‌రేలూ వస్తుంటాయి. ఎందుకొస్తాయన్నదే అతని థీసిస్. రాసి ఏడు నెలలైనా ప్రొఫెసరు దాని మీద సంతకం పెట్టలేదు.

"నువ్వు రాసింది నీకే అర్థమైనట్టు లేదు. మీ ఊళ్లో చెప్పు. వందమంది విన్నారని హెడ్మాస్టరుతో రాయించుకురా. అప్పుడు పెడతాను," అన్నాడాయన. సోమవారంతో గడువు ఆఖరు. సంతకం పడకపోతే ఆరేళ్లూ గంగలో కలిసినట్టే.

శనివారం నాడు డప్పు ముత్తయ్యకు చాటింపు విషయం చదివి వినిపించాడు: 'సాంద్ర మరుగుజ్జు గెలాక్సీలలో నూతన తారల జననం, ఎక్స్‌కిరణ ఉద్గారం.'

"గింత పొడుగు ముచ్చట డప్పు మీద ఆగదు సారూ. జర కురచ చెయ్యి."

"పొట్టి గెలాక్సీల సుక్కలు, ఎక్స్‌రేలు. గంతే కాకా."

మొదటి వాడలో ముత్తయ్య అట్లాగే చాటాడు. రెండో వాడలో గెలాక్సీకి నోరు తిరగక వదిలేశాడు. ఆఖరి వాడకు చేరేసరికి అది, "ఎక్స్‌రే సారు వస్తుండు! పొట్టోళ్లకు సుక్కలు! రేపు పొద్దుగాల బడికాడ!" అయ్యింది. అది 1997. ఆదివారమే పోలియో చుక్కలని వారం కిందటే విన్న ఊరికి ఇప్పుడు చోటు కూడా తెలిసింది.

తెల్లారేసరికి బడి కిటకిటలాడింది. ముందు పసిపిల్లల తల్లులు, వాళ్ల వెనక చొక్కా గుండీలు విప్పుకున్న దగ్గుల రోగులు. చుక్క అనగానే ఇంకో అర్థం తోచిన నలుగురు మాత్రం గ్లాసులతో గోడ పక్కన కూర్చున్నారు. ఊరికి విజ్ఞానం మీద ఇంత ప్రేముందా అని జవహర్ కళ్లు చెమర్చాయి.

"శానా దూరంల పొట్టి గెలాక్సీలున్నయి..." అని మొదలుపెట్టాడు.

"గంత దూరం మేం పోలేం బిడ్డా. సుక్కలు గీడనే ఎయ్యి," అంది కొమురమ్మ, మనవణ్ణి చంకలో సర్దుకుంటూ.

అంతలో ఐసు డబ్బా భుజాన వేసుకొని నర్సు సుగుణమ్మ ఊడిపడింది. "ఎవడాడు సుక్కలేసేటోడు? దవాఖానల నేను ఈగలు తోలుకుంట కూసున్న!"

"నావి ఆకాశంల సుక్కలమ్మా," అన్నాడు జవహర్.

ఆ మాటతో జనం లేచారు. జవహర్‌కు ఏడుపొచ్చింది.

"ఎవ్వలు కదలొద్దు!" సుగుణమ్మ గద్దించింది. "లైను కట్టుండ్రి. నేను ఏస్తుంట, సారు సెప్తుంటడు."

పిల్లల ఏడుపుల మధ్య పెద్ద పెద్ద మాటలకు చోటు లేకపోయింది. జవహర్ గొంతు చించుకున్నాడు. "పెద్ద సుక్క జల్ది పుడ్తది, జల్ది సస్తది! సచ్చి గూడ ఊకోదు. జతగ తిరిగే సుక్కను గుంజుకొని తింటది. ఆ తిండి వేడికే ఎక్స్‌రే వస్తది!"

"అంటే తాను సచ్చినా జతదాన్ని తినుకుంట ఎలుగుతదా?" కొమురమ్మ గోడ పక్కన గ్లాసు పట్టుకున్న మొగుడి వైపు చూసింది. "మా ఇంట్ల గూడ ఉన్నదొకటి. ఎలుగుడే లేదు."

బడంతా గొల్లుమంది. ముసలాయన గ్లాసు చొక్కా కింద దాచుకున్నాడు. మూడు వందల పేజీల్లో తాను చెప్పలేనిది ఒక్క ముక్కలో తేలిపోయిందని జవహర్‌కు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

సోమవారం హెడ్మాస్టరు కాగితం ప్రొఫెసరు చేతిలో పడింది. 'చుక్కల కార్యక్రమానికి నూట ఎనభై మంది పిల్లలు వచ్చారు. అందరూ నోరు తెరిచారు. కొందరు ఏడ్చారు.'

ప్రొఫెసరు కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చదివాడు. "అందరూ నోరు తెరిచారా? ముప్పై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను, నా క్లాసులో ఒక్కడు తెరవలేదయ్యా!" అంటూ సంతకం పెట్టేశాడు.

కొందరు ఏడ్చారన్నది మాత్రం ఆయనకు కొత్తగా అనిపించలేదు.