మూడు కాళ్ళ ఈగ

ఆ శుక్రవారం ఉదయం ఈగల మాస్టారి ప్లాను చాలా తేలిక. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి టిఫిన్, తొమ్మిదింటికి అట్టపెట్టె చంకలో పెట్టుకుని మ్యూజియంకి. పదకొండింటికి పెద్ద మేడం ముందు నిలబడి, ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి తలెత్తుకోవడం. ఇందులో తప్పిపోవడానికి ఏముందని ఆయన ధీమా. ఇంట్లో అత్తగారున్న సంగతి ప్లానులో రాసుకోలేదు, పాపం.

ఆయన నిజానికి మాస్టారు కాదు. మ్యూజియం మూడో అంతస్తు చివరనున్న ఈగల గది ఆయనది. ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టి ఈగల గురించి పాఠం చెబుతాడు కనక ఆ పేరొచ్చింది. ఈగలన్నిట్లోనూ ఆయనకి ప్రాణం క్రేన్ ఫ్లై. మీరూ చూసే ఉంటారు. తడి గోడ మీద సన్నటి పొడుగాటి కాళ్ళు చాపుకుని, దోమకి పెద్దన్నయ్యలా వాలి ఉంటుంది. చూడగానే జనం చెప్పు తీస్తారు. నిజానికి అది కుట్టదు, కరవదు, ఎవరి జోలికీ రాదు. మనం ముట్టుకుంటే ఓ కాలు ఊడదీసి మన చేతిలో పెట్టి ఎగిరిపోతుంది, అంతే.

కిందటి నెల డైరెక్టరు గారు ఆయన్ని పిలిపించారు. డైరెక్టరు గారిది సీతాకోకచిలుకల శాఖ. ఈగలంటే ఆయనకి చిన్నచూపు.

"మాస్టారూ, ఇన్నేళ్ళలో మీ గదిలోంచి ఒక్క కొత్త జాతి రాలేదు. నా సీతాకోకచిలుకలకేమో చోటు చాలడం లేదు. ఆ గది వాటికిచ్చేస్తాను. మీరు కింద టికెట్ల కౌంటర్లో హాయిగా కూర్చోండి."

మాస్టారు గబగబా అడ్డుపడ్డాడు. "ఒక్కటుంది సార్! కొండ మీద జలపాతం పక్కన పట్టుకున్నాను. ఇంతవరకూ దాన్ని ఎవరూ వర్ణించలేదు!"

"అలాగా? వచ్చే నెల పెద్ద మేడం వచ్చి చూసి, అవునంటే సరే. కాదంటే ఆ పై సోమవారం నుంచి టికెట్లు."

క్రేన్ ఫ్లైల విషయంలో పెద్ద మేడం మాటే ఆఖరి మాట. అందుకని మాస్టారు నెల రోజులు తిండీ నిద్రా మానేసి ఆ ఈగ మీద పద్నాలుగు పేజీలు రాశాడు. ఒళ్ళు తేనె రంగు, మీసాలకి పదమూడు కణుపులు, రెక్క అంచున పొగచూరిన మచ్చ, మోకాలి కింద తెల్లటి పట్టీ. కొత్త జాతి అన్నాక ఒక నమూనా ఉండాలి, రాసింది ఆ నమూనాకి పొల్లు పోకుండా సరిపోవాలి. ఆయన దగ్గరున్నది ఒక్కటే నమూనా. దానికి మూడే కాళ్ళు. మిగిలిన మూడూ పట్టుకునేటప్పుడే ఊడి వాగులో కొట్టుకుపోయాయి. నిజాయితీపరుడు కనక మొదటి పేజీలోనే రాసేశాడు: "ముందు ఎడమ కాలు, వెనక రెండు కాళ్ళు లేవు."

ఈ మూడు కాళ్ళ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పక కాదు. ఆయన "ఈగ" అని మొదలుపెట్టగానే ఇంట్లోవాళ్ళ చెవులు వాటంతటవే మూసుకుపోవడం పెళ్ళయిన ఏడాదికే అలవాటైపోయింది. ఆఫీసులో ఉంచితే సీతాకోకచిలుకల వాళ్ళు ఏం చేస్తారోనని అనుమానమొచ్చి, ఆ పెట్టెని ముందురోజే ఇంటికి తెచ్చుకున్నాడు. ఉదయం భోజనాల బల్ల మీద పెట్టి స్నానానికెళ్ళాడు.

అత్తగారు బల్ల తుడవడానికి వచ్చారు. పెట్టె పక్కకి జరిపారు. జరిపాక, అల్లుడు నెల రోజులుగా దేన్ని పట్టుకుని అంత మురిసిపోతున్నాడో చూద్దామనిపించింది. దారం విప్పి మూత తీశారు. తీసేటప్పుడు కొంగు అంచు లోపల తగిలింది. చూస్తే పిన్నుకి గుచ్చిన పొడుగు ఈగ, దానికి మూడు కాళ్ళు.

"అమ్మాయ్! ఓ అమ్మాయ్! కొంప మునిగిందే!"

కూతురు కాఫీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. వీధి చివర ఆవిడకి వాచీలు బాగుచేసే కొట్టుంది. చెయ్యి వణకదు, గొంతు పెరగదు.

"ఏమైందమ్మా?"

"అల్లుడుగారి ఈగ కాళ్ళు విరగ్గొట్టేశానే! మూడు పోయాయి!"

"ఉండాల్సినవి ఎన్ని?"

"పురుగన్నాక ఆరు కాళ్ళుండవూ? మీ ఆయన ఇన్నేళ్ళుగా చెవి కోసిన మేకలా అరుస్తున్నాడు కదే, ఆరు కాళ్ళు, ఆరు కాళ్ళని!"

ఆయన పాఠాల్లో ఆ ఇంట్లో ఎవరికైనా ఎక్కిన ముక్క అదొక్కటే. సరిగ్గా ఆ ముక్కే ఆయన కొంప ముంచింది.

ఇద్దరూ నేల మీద కూర్చుని వెతికారు. బల్ల కింద వెతికారు, చాప దులిపారు, అత్తగారైతే తన చీర కుచ్చిళ్ళు కూడా విప్పి దులుపుకున్నారు. లేని కాళ్ళు ఎక్కడ దొరుకుతాయి? లోపల మాస్టారు తన వ్యాసం గట్టిగా చదువుకుంటూ చెంబులతో నీళ్ళు పోసుకుంటున్నాడు.

"ఈయన ఈ ఒక్క ఈగ మీదే ఆశ పెట్టుకున్నాడే. గది పోతుందట," అన్నారు అత్తగారు. ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చేసింది.

"ఊరుకో అమ్మా. ముల్లు విరిగిన వాచీకి కొత్త ముల్లు వెయ్యనా నేను? ఇలాంటి కాళ్ళు ఎక్కడైనా దొరికితే చాలు."

అత్తగారు ఠక్కున లేచారు. "పెరటి బాత్రూం గోడ మీద ఇలాంటివి బోలెడు! రోజూ చీపురుతో తరుముతూనే ఉన్నాను."

గాజు గ్లాసు బోర్లించి ఒకదాన్ని పట్టారు. అది ఎంతో మర్యాదగా, అడక్కుండానే కాళ్ళన్నీ ఊడదీసి ఇచ్చేసింది. కూతురు కంటికి భూతద్దం బిగించింది. డయలు మీద అంకెలు అతికించే బంక సూదిమొనతో అద్ది, ఒక్కో కాలూ ట్వీజర్‌తో పట్టి నిలబెట్టింది. ఎనిమిది నిమిషాల్లో ఈగ ఆరు కాళ్ళ మీద దర్జాగా తయారైంది. అత్తగారు మూత పెట్టి, దారం ఎప్పటిలాగే కట్టి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఆయనకి చెప్పకే."

"నేనెందుకు చెప్తాను? నా పని బయటికి తెలియకపోవడమే నా పనితనం."

మాస్టారు వచ్చాడు, టిఫిన్ తిన్నాడు, పెట్టెని పసిపాపలా ఎత్తుకుని వెళ్ళాడు.

పదకొండింటికి పెద్ద మేడం ఈగల గదిలో కూర్చున్నారు. తెల్లజుట్టు, మెడలో గొలుసుకి వేలాడే రెండు జతల కళ్ళద్దాలు. ఎదురుగా డైరెక్టరు గారు, గదిలో సీతాకోకచిలుకల బీరువాలు ఏ గోడకి పడతాయో కళ్ళతోనే కొలుచుకుంటున్నారు. మేడం మొదటి పేజీ చదివారు. పెట్టె తెరిచి ఈగని మైక్రోస్కోపు కింద పెట్టారు. మళ్ళీ పేజీ చూశారు. మళ్ళీ ఈగని చూశారు.

"మాస్టారూ, చిన్నప్పుడు మీకు లెక్కలెలా వచ్చేవి?"

"ఫర్వాలేదండీ. ఏం?"

"మూడు కాళ్ళు లేవని రాశారు. నాకు ఆరూ కనిపిస్తున్నాయి."

మాస్టారు వంగి చూశాడు. ఒకటి, రెండు... ఆరు. కళ్ళు నులుముకుని మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరే. చచ్చిన ఈగకి కాళ్ళు మొలవ్వు. అంటే ఇది తన ఈగ కాదు. ఎవరో మార్చేశారు! ఎవరు మార్చుంటారు? తలెత్తేసరికి డైరెక్టరు గారు నవ్వుతున్నారు. పాపం, ఆయన బీరువాలు సరిగ్గా పట్టాయని నవ్వుకుంటున్నారు.

"సార్! నా ఈగని ఏం చేశారు?"

"నేనా?"

"గది కోసం ఇంత పని చేస్తారా? ఇరవై రెండేళ్ళు మీకు వంగి వంగి దండాలు పెట్టాను! నా మూడు కాళ్ళ ఈగని నాకిచ్చెయ్యండి!"

డైరెక్టరు గారి మొహం కందగడ్డ అయింది. "నోరు జాగ్రత్త! సీతాకోకచిలుకల మనిషిని, నేను ఈగని ముట్టుకుంటానా? దొంగతనమంటున్నారుగా, సరే, మ్యూజియం మొత్తం వెతికిద్దాం!" అని ఫోనెత్తి వాచ్‌మన్‌కి గేట్లు మూసెయ్యమన్నారు. "మూడు కాళ్ళది ఒకటి పోయింది. అది దొరికేదాకా లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు!"

వాచ్‌మన్ పాపం ఎదురు ప్రశ్న వేసే మనిషి కాదు. పది నిమిషాల్లో, విరిగిన కుర్చీ బాగుచేయడానికి పట్టుకెళుతున్న వడ్రంగిని కుర్చీతో సహా పట్టుకుని పైకి తెచ్చాడు.

"దొరికింది సార్! మూడు కాళ్ళే ఉన్నాయి!"

"నాలుగోది ఈ సంచిలో ఉందండీ," అన్నాడు వడ్రంగి బెదిరిపోయి.

కిందనేమో గేటు దగ్గర జనం పోగయ్యారు. పోయింది ఈగ అని మెల్లిగా తెలిసి, తొందరగా బయటపడదామని తలా ఒక ఈగని పట్టుకుని పైకి పంపడం మొదలుపెట్టారు. మాస్టారి బల్ల మీద పదకొండు ఈగలు, ఒక కందిరీగ చేరాయి. ఈ గోలలో కదలకుండా ఉన్నది పెద్ద మేడం ఒక్కరే. ఆవిడ మైక్రోస్కోపులోంచి కన్ను తియ్యలేదు.

మాస్టారికి దుఃఖం పొంగుకొచ్చింది. ఇంటికి ఫోన్ చేశాడు. తొందరలో స్పీకరు కూడా నొక్కేశాడు.

"నా బతుకు బజారుపాలైందోయ్. ఎవరో నా ఈగని మార్చేశారు. దీనికి ఆరు కాళ్ళున్నాయి!"

అవతలి నుంచి భార్య మెల్లిగా అడిగింది. "ఎలా ఉన్నాయి? వంకరగా ఏం లేవు కదా?"

"ఏవి?"

"కాళ్ళండీ. వెనక కుడికాలు కాస్త తొందరలో పెట్టాను."

వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది. "చెప్పొద్దన్నానా! చెప్పేశావా!"

గదిలో అందరూ ఫోన్ చుట్టూ మూగారు. భార్య ఉన్నదున్నట్టు చెప్పింది. మాస్టారు జుట్టు పీక్కున్నాడు. "దానికి ఉన్నవే మూడు! పట్టుకున్న రోజు నుంచీ మూడే!"

అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "మూడేనా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ! ఇల్లంతా మూడుసార్లు ఊడ్చాను, పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అయినా ఏం మనిషండీ మీరు, లోకంలో మంచి ఈగలే లేనట్టు అవిటిదాన్ని పట్టుకెళతారా?"

డైరెక్టరు గారు చేతులు కట్టుకుని మాస్టారి వంక చూశారు. ఆ చూపులో టికెట్ల కౌంటరు స్పష్టంగా కనబడింది. మాస్టారు తల వంచుకుని, "క్షమించండి సార్, నోరు జారాను," అన్నాడు.

అప్పుడు పెద్ద మేడం మైక్రోస్కోపు మీంచి లేచి, ఫోన్ దగ్గరికొచ్చారు.

"అమ్మా, నేను ఈగలు చూడటానికి వచ్చినదాన్ని. ఆరు కాళ్ళూ ఉన్న క్రేన్ ఫ్లైని ఎవరు తెచ్చినా నాకు ముందు అనుమానమే, ఎందుకంటే నా సర్వీసులో అలాంటిది చూడలేదు. బంక చూడగానే తెలిసింది. కానీ అతికించిన కాళ్ళకీ అదే తెల్లటి పట్టీ ఉంది, వెంట్రుకలు కూడా అవే. ఈ కాళ్ళ ఆసామీ ఎక్కడ?"

"మా పెరటి బాత్రూంలోదండీ," అన్నారు అత్తగారు. "గోడ నిండా ఉండేవి."

"ఉండేవా?"

"ఇంత గొడవకి అవే కదా కారణమని, తొమ్మిదింటికి ఫినాయిలు పోసి గోడలన్నీ కడిగేశాను."

మాస్టారు నేల మీద కూలబడ్డాడు. తొమ్మిదేళ్ళు కొండలెక్కి, జలగలకి రక్తమిచ్చి వెతికిన ఈగ తన పెరట్లోనే కాపురముంది. దాన్ని రోజూ చీపురుతో తరిమారు!

"ఒక్క నమూనాతో కొత్త జాతంటే నేను ఒప్పుకోను," అన్నారు మేడం. "రెండోది కావాలి. ఒళ్ళు దొరికితే చాలు, కాళ్ళక్కర్లేదు. వీటి జాతి తేలేది మగదాని తోక చివర."

"ఒళ్ళు నా దగ్గరుంది కదండీ," అంది భార్య ఫోన్‌లో, తాపీగా. "వాచీ మరలు వేసే డబ్బాలో వేశాను. మా కొట్లో ఏ ముక్కనీ పారెయ్యం. తీసుకురమ్మంటారా?"

పావుగంటలో ఆవిడ గేటు దగ్గరుంది. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, బయటివాళ్ళు రాకూడదని డైరెక్టరు గారి ఆర్డరు. ఆవిడ వాదించలేదు, ఊచల సందులోంచి డబ్బా అందించింది. డైరెక్టరు గారే స్వయంగా మూడంతస్తులు దిగి, తీసుకుని, మళ్ళీ ఎక్కారు. ఈగ కోసం మ్యూజియం మూయించారు కనక ఆయన పరువు కూడా ఇప్పుడు ఆ డబ్బాలోనే ఉంది మరి. మేడం అరగంట చూశారు. రెక్క మచ్చ చూశారు, ఈనెలు లెక్కపెట్టారు, తోక చివర కొక్కేలు పక్కపక్కన పెట్టి పోల్చారు. మాస్టారు గోడకి అంటుకుపోయాడు.

"రెండూ మగవే. రెండూ ఒకటే. ఇంతకుముందు ఎవరూ వర్ణించనిది," అన్నారు మేడం కళ్ళద్దాలు తీస్తూ. "ఆ మూడు కాళ్ళూ నీటిచుక్కతో ఊడదీసి రెండోదాని పక్కన పెట్టండి. ఏం పేరు పెడతారు?"

మాస్టారు ఏడుస్తూ నవ్వాడు. వడ్రంగి చప్పట్లు కొట్టాడు. అతన్ని వదిలెయ్యాలని అప్పటికి గానీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక పేరు గురించి పెద్ద చర్చ జరిగింది. కనిపెట్టింది అత్తగారే కనక ఆవిడ పేరే పెడతానన్నాడు మాస్టారు.

"వద్దు బాబూ," అన్నారు ఆవిడ గాభరాగా. "రేపు ఎవడో నా పేరున్నదాన్ని చెప్పుతో కొడతాడు."

"నీ పేరు పెట్టనా పోనీ?" అని భార్యనడిగాడు.

ఆవిడ వాచీ మూత బిగిస్తూ తలెత్తలేదు. "పొద్దున దొంగ అన్నారుగా, డైరెక్టరు గారి పేరు పెట్టండి. ఆ తరవాత ఈగల గదిని ఎలా మూస్తారో నేనూ చూస్తాను."

అలాగే పెట్టారు. ఈగలని ముట్టుకోనన్న పెద్దమనిషి ఇప్పుడు వచ్చినవాళ్ళందరినీ మూడో అంతస్తుకి తీసుకెళ్ళి మరీ ఆ పెట్టె చూపిస్తున్నారు. గదికి కొత్త సున్నం కూడా వేయించారు.

రెండు వానలు పడ్డాక పెరటి బాత్రూం గోడ మీద ఈగలు మళ్ళీ వాలాయి. అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని తలుపు తీసి, లోపలికి ఓసారి చూసి, మెల్లిగా దగ్గరికేసి వచ్చేశారు.

"ఏమ్మా, స్నానం చెయ్యలేదా?" అంది కూతురు.

"లోపల డైరెక్టరు గారున్నారే."