మంత్రిగారి జేబులో రోబోల గది

రోబోటిక్స్ నేర్వని బాల్యం చక్రాలు లేని బండి అని మంత్రిగారు సభలో ప్రకటించిన పదో రోజుకే బడికి ల్యాబు వచ్చేసింది. నలభై పెట్టెలు, తెల్లటి బల్లలు, అరచేయంత తాళం. మంత్రిగారి పట్టుదల అటువంటిది. ప్రారంభించడానికి మాత్రం ఆయనకు ఎనిమిది నెలలు తీరిక చిక్కలేదు.

ఆ ఎనిమిది నెలలూ సైన్సు టీచరు బోర్డుమీద మోటారు బొమ్మ వేసి, "ఇది తిరుగుతోందనుకోండి" అని చెబుతూ వచ్చింది. పిల్లలు బుద్ధిగా అనుకునేవారు. చెప్పగా చెప్పగా, మోటారన్నది ఎక్కడైనా నిజంగా తిరుగుతుందా అని ఆమెకే లోలోపల అనుమానం మొదలైంది. పదో తరగతి పిల్లలు మూడు నెలల్లో వెళ్లిపోతారు. ఈలోగా వాళ్ల చేత ఒక్క పెట్టె విప్పించాలి.

"ఒక్కటంటే ఒక్కటి సార్," అని హెడ్మాస్టరుని బతిమాలింది.

"మనం ముందే వాడేస్తే మంత్రిగారొచ్చి ప్రారంభించడానికి ఏం మిగులుతుందమ్మా? అయినా తాళంచెవి ఉన్నది ఒక్కటే. విద్యాధికారిగారి దగ్గరుంది."

చివరికి ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది.

"మంత్రిగారికి రోబోయే పూలగుత్తి ఇవ్వాలి," అన్నాడు విద్యాధికారి.

"పెట్టెలు విప్పనిస్తే పిల్లలే చేస్తారు సార్," అంది టీచరు.

"ప్రారంభం కానిదే ఎలా విప్పుతారు? కాస్త తెలివిగా ఆలోచించండి!"

తానే తెలివిగా ఆలోచించి, పెళ్లిళ్లకు సామాను అద్దెకిచ్చే దుకాణం నుంచి రోబోను తెప్పించాడు. అది గునగునా మంత్రిగారి ముందుకొచ్చి, పూలగుత్తి చాచి, ఆడగొంతుతో అంది: "వధూవరులను ఆశీర్వదించి, భోంచేసి వెళ్లండి."

మంత్రిగారు గొప్ప అనుభవజ్ఞులు. తడుముకోకుండా చెయ్యెత్తి ఆశీర్వదించారు.

"పిల్లలే చేశారా?"

"అంతా పిల్లలేనండి."

"ఎంత సంస్కారం! భోజనం సంగతి కూడా నేర్పారే!"

విద్యాధికారికి కళ్లు చెమర్చాయి. ఆ ఊపులో, మంత్రిగారు రిబ్బను కత్తిరించగానే, మఖమల్ గుడ్డ పరిచిన పళ్లెంలో తాళంచెవి పెట్టి జ్ఞాపికగా సమర్పించాడు. మంత్రిగారు దాన్ని కళ్లకద్దుకుని జేబులో వేసుకుని, తర్వాతి సభకు ఆలస్యమైందంటూ కారెక్కారు. తాళం తీయడం ఎవరికీ గుర్తురాలేదు.

"ఫోన్ చేసి అడుగుదామా?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఇచ్చిన కానుక వెనక్కడుగుతారా? తాళం పగలగొడదామని మాత్రం అనకండి. మంత్రిగారు ప్రారంభించిన గది అది!" అని విద్యాధికారీ వెళ్లిపోయాడు.

టీచరు తలుపు ముందు అలాగే నిలబడింది. ఏడుపొస్తుందనుకుంది గాని, ఎందుకో నవ్వొచ్చింది. పదో తరగతి పిల్ల ఒకతి తలుపును అటూ ఇటూ చూసి, "టీచర్, తాళం ఈ పక్కేగా ఉంది. ఆ పక్క మడతబందులు బయటికే ఉన్నాయి. స్క్రూలు తీసేస్తే?" అంది.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆమెలో కాపురముంటున్న భయం వద్దంది. ఆమె దాని మాట పూర్తిగా విని, గోడవైపు తిరిగి నిలబడి అంది: "స్క్రూలు పారేసుకోకండి. ఇంటికెళ్లేముందు మళ్లీ బిగించాలి."

ఆ మధ్యాహ్నం మోటారు తిరిగింది. మొదట వెనక్కి తిరిగింది. వైర్లు మార్చాక ముందుకి తిరిగింది. టీచరే అందరికంటే గట్టిగా అరిచింది. అప్పటినుంచి రోజూ పిల్లలు లోపల దూరడం, తలుపు దగ్గరికి లాక్కోవడం.

మూడో నెలలో విద్యాధికారి చెప్పకుండా తనిఖీకి వచ్చాడు. తాళం పట్టుకుని చూశాడు. భద్రంగా ఉంది. తలుపుకి చెవి ఆనించాడు. లోపల గిర్రుమంటూ ఏవో తిరుగుతున్నాయి. టీచరు మళ్లీ గోడవైపు తిరిగి నిలబడింది.

ఆయన చాలాసేపు విని, తృప్తిగా తలాడించి, అక్కడే నిలబడి నివేదిక రాశాడు: "తాళం తీయకుండానే యంత్రాలు వాటంతటవే చక్కగా పనిచేయుచున్నవి. మిగతా బడుల తాళంచెవులు కూడా మంత్రిగారికి సమర్పించవచ్చును."