మోగుతుంది గానీ వినపడదు

ఆదివారం పొద్దున్న పంపు మాస్టారు అనుకున్న పని చాలా చిన్నది. ఫోన్‌ను గాజు జాడీలో పెట్టి, గాలి లాగేసి, మోగించాలి. అంతే.

ఆయన కాలేజీ ల్యాబులో అటెండరు. 'మాస్టారు' పిల్లలు ప్రేమకొద్దీ తగిలించిన తోక. 'పంపు' మాత్రం నిజం. అది జానెడు ఇత్తడి గొట్టం. కుళాయికి తగిలిస్తే నీళ్లు సన్నటి మూతిలోంచి దూసుకుపోతూ, పక్క గొట్టంలోని గాలిని వెంట లాక్కుపోతాయి. సోమవారం ల్యాబుకు కరెంటు పంపు వస్తోంది, ఇత్తడిది పాత సామాన్లలోకి పోతోంది. పోయేలోగా, గాలి లేనిచోట శబ్దం నడవదని దాంతో పిల్లలకు ఒక్కసారి చూపించాలని ఆయన ఆశ. ముందు ఇంట్లో చేసి చూసుకోవాలి కదా!

అంతా అమర్చాక చిక్కు తెలిసొచ్చింది. ఫోన్ మోగాలంటే ఎవరో ఒకరు చేయాలి. ఆయనకు ఎవరూ చేయరు. భార్య పోయిన కొత్తలో రోజూ మోగేది, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత లేదు. రెండేళ్లయింది. ఇంట్లో కుర్చీ ఒక్కటే మిగిలింది. తలుపు గడియ వేయడం కూడా మానేశాడు. వచ్చేవాళ్లుంటే కదా.

కాసేపు మొహమాటపడి, చివరికి చుట్టాల గ్రూపులో రాశాడు.

"ఎవరైనా ఒక్కసారి ఫోన్ చెయ్యండి. మోగుతుంది గానీ వినపడదు. లోపలంతా శూన్యం."

మోగేది ఏది, లోపలంటే దేని లోపల అన్నది రాయాలని ఆయనకు తోచలేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో శూన్యానికి ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. ఫోన్‌ను స్పాంజి మీద పడుకోబెట్టి, మూత పెట్టి, పక్క గొట్టాన్ని జాడీకి తగిలించి, పంపు కొసను నీళ్ల బకెట్‌లో ముంచి, కుళాయి తిప్పాడు.

కాసేపటికి జాడీలో వెలుగు. 'అక్కయ్య'. చప్పుడు లేదు! ప్రయోగం ఫలించిందని ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టుకున్నాడు. తర్వాత 'బావగారు', 'తమ్ముడు', 'మరదలు'. పేర్లు వెలుగుతున్నాయి, ఆరిపోతున్నాయి. రెండేళ్లుగా రాని వాళ్లంతా గాజు అవతల వరసగా పిలుస్తుంటే ఆయన గబగబా జాడీ మీదికి వంగాడు. ప్రయోగం సంగతి మరిచిపోయి మూత పట్టుకు లాగాడు. రాలేదు.

ఆ కంగారులో, ముప్ఫై ఏళ్లుగా పిల్లలను వద్దు వద్దని హెచ్చరించిన పనే చేశాడు. గొట్టం ఊడదీయకుండా కుళాయి కట్టేశాడు. జాడీ బకెట్‌లో నీళ్లను గటగటా వెనక్కి తాగింది. కడుపు నిండాక మూత దానంతటదే ఊడొచ్చింది. ఫోన్ అడుగున పడుకుని ఉంది.

అవతల, ఆదివారమని నలుగురూ చేరిన అక్కయ్య ఇంట్లో గోల మొదలైంది.

"ఎత్తట్లేదండీ!"

"ఇప్పుడు స్విచాఫ్ అంటోంది!"

"లోపలంతా శూన్యం అన్నాడండీ, నా తమ్ముడు!"

అరగంటలో నలుగురూ కారులో దిగారు. బావగారు మెట్ల మీంచే పరుగందుకుని భుజంతో తలుపును గుద్దారు. ఊరికే చేరవేసిన తలుపు అది. ఆ ఊపున ఆయన వంటింటిదాకా వెళ్లి బకెట్‌ను కౌగిలించుకున్నారు.

"అయ్యో బావగారూ, తోస్తే చాలు, తీసే ఉంది."

అక్కయ్య వచ్చి తమ్ముణ్ని పట్టుకుని ఏడ్చేసింది. "అంత శూన్యం ఏమొచ్చిందిరా నీకు?"

"వచ్చింది గానీ అక్కయ్యా, నీళ్లొచ్చి పోయింది."

పంపు చరిత్రంతా వినిపించాడు. నలుగురూ నిలబడే విన్నారు.

"అంటే శూన్యం జాడీలోనా?" అన్నారు బావగారు, చొక్కా పిండుకుంటూ.

"జాడీలోనే."

నవ్వారు, తిట్టారు, బయల్దేరారు. అక్కయ్య గుమ్మంలో ఆగి, ఆ ఒంటి కుర్చీని చూసింది.

"జాడీలోనేనా?"

ఆయన నేల తుడుస్తూ ఉండిపోయాడు.

"వచ్చే ఆదివారం పదింటికి ఫోన్ చేస్తా. ఎత్తు."

సోమవారం పిల్లలకు అలారం గడియారంతో చూపించాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. పంపు పాత సామాన్లలోకి పోయింది.

ఆదివారం తొమ్మిదికే, బాగుచేయించిన ఫోన్‌ను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. పది దాటింది. పదిన్నరయింది. ఈసారి చుట్టూ గాలి బోలెడంత ఉంది, అయినా మోగలేదు.

తలుపు కిర్రుమంది. అక్కయ్య.

"చేద్దామనే అనుకున్నా. నువ్వు ఎత్తుతావని నమ్మకం ఏదిరా?"

ఆవిడ వెనక బావగారు, రెండు చేతుల్లో రెండు కుర్చీలతో, తలుపును మోచేత్తో మెల్లగా తోశారు.