తొక్కలతో నడిచిన స్కూటరు

సాయంత్రం పాత ఇనుమువాడు వచ్చేలోగా స్కూటరు గేటు దాటాలి. దాటకపోతే తూకానికి పోతుంది. ఇది ఇల్లాలి తీర్పు. రిటైరైన మేష్టారు ముప్ఫయ్యేళ్లు రసాయనశాస్త్రం చెప్పారు గానీ, ఆవిడ తీర్పుకు విరుగుడు మాత్రం కనిపెట్టలేకపోయారు.

ఆ ఉదయం ఆయన ప్లాను సులువైనదే. ఆవిడ చిప్స్ చేసి అమ్ముతుంది. రోజూ బస్తాడు బంగాళాదుంప తొక్కలు మిగులుతాయి. వాటిని ఉడికించి, మొలకల పిండి, ఈస్టు కలిపి డ్రమ్ములో వారంగా పులియబెట్టారు. ఇవాళ కుక్కరుకు రాగి గొట్టం తగిలించి కాస్తే ఇథనాల్ దిగుతుంది, బండి కదులుతుంది.

"తొక్కలో ప్లాను అంటే ఇదే కాబోలు!" అందావిడ.

డ్రమ్ము మూత తీయగానే వాసన వీధికెక్కింది. పరువు పోతుందని, "ఎక్కడో ఎలక చచ్చింది" అని ఆవిడ పాలవాడితో అనేసింది. గంటలో వీధి వీధంతా అటకలు దింపి ఎలకను వెతికింది. ఎదురింటి కాంపౌండరు మాత్రం ముక్కును నమ్ముకుని, గ్లాసుతో సరాసరి ఇక్కడికే వచ్చాడు.

"మేష్టారూ, మనలో మన మాట. ఒక్క గుక్క!"

"ఛీ! తాగేది కాదయ్యా, బండికి పోసేది!"

"మొదట్లో అందరూ అలాగే అంటారు లెండి."

ఆ గ్లాసు వెనక మరో పది గ్లాసులు వచ్చాయి. అందరినీ గేటు బయటికి తోసి వచ్చేసరికి గొట్టం కింద సీసా నిండి ఉంది. పులుపు పీల్చీ పీల్చీ మేష్టారి ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. సీసా తెచ్చి టాంకులో ఒంపారు.

పది కిక్కులు కొట్టారు. ఊహూఁ. ఈలోగా ఇనుమువాడు వచ్చి కాటా దించాడు. మేష్టారికి కళ్లు చెమర్చాయి. పెళ్లైన కొత్తలో ఈ బండి ఏనాడు కిక్కుకు లేచింది గనక! ఆవిడ నెట్టేది, ఇంజను దగ్గగానే పరుగెత్తి వెనక ఎగిరి కూర్చునేది. చిప్స్‌కి తొలి బస్తా దుంపలు తెచ్చింది కూడా దీని మీదే.

"అలా చూస్తారేం? గేరెయ్యండి!" అంటూ ఆవిడ కొంగు బిగించి నెట్టింది. బండి దగ్గింది, తుమ్మింది, లేచింది. అరవై రెండేళ్ల ఆవిడ ఎగిరి కూర్చుంది. గ్లాసులవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇద్దరూ వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చారు. ఇనుమువాడు కాటా ఎత్తుకుని వెళ్లిపోయాడు.

"చూశావా! తొక్కలతో నడిచింది!"

"పెట్రోలుతో నడిచింది. మీరు గ్లాసులవాళ్లతో పోట్లాడుతుంటే సీసా మార్చేశా."

మేష్టారు నోరు తెరిచారు. "అమ్మేస్తానన్నది నువ్వే కదే!"

"అలా అంటే గానీ మీరు దాని కవరు తీయరుగా. మీ వెనక కూర్చుని పదేళ్లయిందండీ."

ఆయన హ్యాండిలును ఒకసారి నిమిరారు. తర్వాత మెల్లగా, "మరి నా ఇథనాల్?" అన్నారు.

ఆవిడ నడుముకు దోపుకున్న తుడుపుగుడ్డ తీసి కిటికీల వైపు చూపించింది. వీధి మొత్తంలో ఆ ఇంటి కిటికీ అద్దాలే తళతళలాడుతున్నాయి.