వీరభద్రరావు వంకర రాడ్డు

మస్కట్‌లో, దార్సైట్ ఫ్లాట్‌లో ఆ శుక్రవారం పొద్దున్న వీరభద్రరావు వేసుకున్న పథకం చిన్నదే. స్టోర్ రూమ్‌లో సూట్‌కేసుల వెనక దాచిన మూట తీసుకోవాలి, అల్ హైల్‌లో లచ్చన్న వెల్డింగ్ షాపుకు వెళ్ళి దాన్ని అక్కడ దాచిన సైకిలుకు బిగించాలి, సాయంత్రంలోగా ఖురంలో జరిగే పాత సైకిళ్ల ప్రదర్శనలో నిలబెట్టాలి. వరసగా రెండేళ్లు మొదటి బహుమతి ఎగరేసుకుపోయిన కింది అంతస్తు రామసుబ్బయ్యను ఈసారి బహుమతుల్లోనూ కింది అంతస్తుకు దించాలి. పథకంలో భార్య సుగుణ పేరు లేదు. ఇంకో సైకిల్ కొంటే సైకిలో నేనో తేల్చుకోండని ఆవిడ అని ఏడాదయింది. రావు తేల్చుకోలేదు, దాచుకున్నాడు.

అది మామూలు సైకిల్ కాదు. డెబ్బైల నాటి మజిల్ సైకిల్. ఎద్దు కొమ్ముల్లా లేచిన హ్యాండిలు, అరటిపండులా వంగిన పొడుగాటి సీటు, సీటు వెనక వీపు ఆన్చుకోవడానికి తోరణంలా పైకి లేచి వంగిన మెరుపు రాడ్డు. ఆ రాడ్డు అసలుది దొరకడం గగనం. మస్కట్ మొత్తానికి తనకొకటి, రామసుబ్బయ్యకొకటి ఉన్నాయని రావు నమ్మకం. అది లేకపోతే న్యాయనిర్ణేతలు సైకిలు వంకైనా చూడరు. అందుకే నెల రోజులు లచ్చన్న షాపులో చింతపండుతో తోమి తుప్పు వదిలించాడు. షాపులో ఉంటే గీత పడుతుందని తన పాత పట్టుపంచెలో చుట్టి ఇంటికి తెచ్చాడు. సైకిలుకు చైన్ ఉంది గానీ ఆ రోజు నుంచి మనిషికి చైన్ లేదు.

"వరలక్ష్మీ వ్రతం రోజు ఆఫీసులో ఆడిటేంటండీ? శుక్రవారం మీ ఆఫీసుకి తాళం కదా," అంది సుగుణ వంటింట్లోంచి.

"తాళాలు కూడా ఆడిట్ చేస్తున్నారు."

"అయితే మన చింతపండు కూడా చేయించండి. ఊర్నుంచి తెచ్చుకున్నది రెండు డబ్బాలు మాయం. పులిహోరకి పక్కింట్లో అడుక్కొచ్చా. స్నానం కాకుండా హాల్లో పూజ దగ్గరికి మాత్రం రాకండి."

పులుపు సంగతి ఎత్తేసరికి రావు ముఖమే పుల్లగా అయింది. గబగబా స్టోర్ రూమ్‌లో దూరాడు. సూట్‌కేసులున్నాయి. మూట లేదు.

లచ్చన్నకు ఫోన్ చేశాడు. "రాడ్డు నీ దగ్గరే ఉండిపోయిందా?"

"గా వంకర రాడ్డా సార్? మొన్న ఐతారం మీరే గదా, పెండ్లికొడుకును దీస్కపోయినట్టు పట్టుపంచెల సుట్టి కొంటవోతిరి. నామీద అనుమానమా ఏంది?"

"అబ్బే, లేదు."

"ఉన్నట్టే ఉంది సార్ మీ గొంతుల."

లచ్చన్న కాకపోతే ఎవరు? మంగళవారం కాఫీకి వచ్చి, చేతులు కడుక్కుంటానంటూ స్టోర్ రూమ్ దాకా వెళ్ళిన మనిషి రావుకు గుర్తొచ్చాడు. రెండేళ్లు బహుమతి కొట్టినవాడు రాడ్డు కొట్టేయడా?

స్నానం కాలేదు గనక హాలు వైపు పోకుండా వెనక గుమ్మంలోంచి కిందికి దిగి, మనుషులు పలచబడేదాకా గంటసేపు కాపు కాశాడు. పార్కింగులో రామసుబ్బయ్య కారు డిక్కీ తాడుతో కట్టి ఉంది. లోపల ప్రదర్శనకు సిద్ధమైన సైకిల్. దాని వెనక రాడ్డు తళతళలాడుతోంది. అది ఆయనదా, తనదా? రావు తాడు వదులు చేసి, తల దూర్చి, చింతపండు వాసన వస్తుందేమోనని రాడ్డుకు ముక్కు ఆనించాడు.

"ఏం సార్, నా సైకిల్‌ను వాసన చూచ్చాండారు?" వెనక రామసుబ్బయ్య. "గాలి తీసేదానికి వచ్చినారా?"

"మీరు మంగళవారం మా స్టోర్ రూమ్‌లోకి ఎందుకెళ్ళారు?"

"మీ ఇంట్లో వాష్‌బేసిన్ యాడుందో నాకేం తెలుసు? ఓహో, దొంగతనం కడతాండారా? పదండి, సుగుణమ్మ ముందరే తేల్చుకుందాం. మీ కొత్త సైకిల్ సంగతి గూడా."

"ఆవిడకి సైకిల్ సంగతి..."

"తెలీదు కదా. నాకు తెలుసు. పదండి."

ఇద్దరూ పైకి వచ్చేసరికి హాలు నిండా పేరంటాళ్లు. పూజ అయిపోయింది. పీట మీద కలశం, కలశానికి అమ్మవారి ముఖం, ఆ ముఖం వెనక బంతిపూల మధ్య మెరుస్తూ, పసుపూ కుంకుమా పూసుకుని రావుగారి రాడ్డు.

"రండి రండి. మీ గుట్టు నాకు నిన్ననే దొరికింది," అంది సుగుణ నవ్వుతూ. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగింది. "నెల నుంచీ చింతపండు మాయం, శుక్రవారం వస్తే మనిషి మాయం. ఏవేవో అనుమానపడ్డాను. నిన్న సర్దుతుంటే పట్టుపంచెలో చుట్టి, అద్దంలా తోమి, ఈ తోరణం. అమ్మవారికని దాచి ఉంచారు, నోరు విప్పి చెప్తేనా?"

రావు రాడ్డు వైపు ఒక అడుగు వేశాడు. మెల్లగా అడిగాడు. "దీన్ని ఒక్క పూట తీసి..."

"రేపు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టకూడదు. తెలియనట్టు అడుగుతారేం?"

అప్పుడే రామసుబ్బయ్య భార్య వాణి ముందుకు వంగి చూసింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. "అక్కా, ఇట్లాంటిదే మా ఆయన సైకిల్ వెనకాల ఉంది కదా."

సుగుణ నవ్వు ఆగింది. "సైకిల్‌కా?" అంటూ భర్త వైపు చూసిన చూపులో నెల రోజుల అనుమానం వడ్డీతో సహా తిరిగొచ్చింది. రామసుబ్బయ్య తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

రావు ఆయన కంటే ముందే అందుకున్నాడు. "అదీ దీని జతే. ఇద్దరం అమ్మవారికనే ఎప్పుడో తెప్పించాం. ఆయన సైకిలుకి ఎందుకు బిగించారో ఆయన్నే అడగాలి."

"దేవునిది తెచ్చి సైకిల్‌కు బిగించినారా?" అంది వాణి. "దానికి వీపు ఆనించుకుని తిరగతాండారా?"

రామసుబ్బయ్య నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. చెబితే ఇంతమంది మొక్కింది సైకిలు సామానుకని చెప్పాలి. దీపాలను చూశాడు, పేరంటాళ్లను చూశాడు, తాంబూలం అందిస్తున్న సుగుణను చూశాడు. నోరు మూసుకున్నాడు.

"సాయంత్రం మనింట్లో పూజ. ముందు పోయి దాన్ని విప్పి, కడిగి తీసుకురాండి," అంది వాణి.

"చింతపండుతో తోమండి, బాగా వదుల్తుంది," అన్నాడు రావు.

ఆ సాయంత్రం ఖురంలో రెండు సైకిళ్లు వీపు లేకుండా నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి, దార్సైట్‌లో ఇద్దరు అమ్మవార్లకు మాత్రం మంచి వెన్నుదన్ను కుదిరింది.