సింకు మీద ముసురు

సుంకమ్మ వంటింటి సింకు మీద ముసురు పట్టినట్టు ఫిర్యాదుల ఆఫీసులో నమోదైన మరునాడు పొద్దున్నే, ఆ సింకుకు సరిపడా ఒక మబ్బు వచ్చి గుమ్మం ముందు నిలబడింది. మబ్బు వెనకే వర్షపాత సహాయకుడు పూర్ణచంద్రరావు ఉన్నాడు. ఆయన చెప్పులు బయట విప్పి, "వంటిల్లు ఎటమ్మా?" అని అడిగాడు. సుంకమ్మ చెయ్యి చూపించింది. మబ్బు ద్వారబంధానికి తగలకుండా కాస్త వంగి లోపలికి వచ్చి, గిన్నెల స్టాండు పక్కకు సర్దుకుని, సింకు మీద కుదురుకుంది. మెట్లెక్కిన ఆయాసం తీరాక సన్నగా కురవడం మొదలుపెట్టింది.

"ఇదేంది సార్?"

"ముసురమ్మా. మీరే కదా ఫోన్ చేసింది?"

నిజమే. ఫోన్ చేసింది ఆమే.

సుంకమ్మది ఆలూరు అవతల నల్లరేగడి పల్లె. భర్త మద్దిలేటి సర్కారు ఆఫీసులో చిన్న ఉద్యోగి. ఆఫీసును కృష్ణ ఒడ్డున ఉన్న పట్టణానికి మారిస్తే, ఆఫీసు బీరువాలతో పాటు వీళ్లూ వచ్చి క్వార్టర్లలో రెండో అంతస్తులో దిగారు. వచ్చిన కొత్తలో అంతా బాగానే ఉంది. వానలు మొదలయ్యాక సింకు తూము చుట్టూ చిన్న చిన్న ఈగలు చేరాయి. నువ్వుగింజంత ఒళ్లు, బూడిద రంగు రెక్కలు. ఊదితే పోవు, కొడితే గోడ మీద మరకే మిగులుతుంది, మరక పక్కన ఇంకొకటి వచ్చి వాలుతుంది. వాళ్ల వైపు వీటిని ముసుర్లు అంటారు.

సుంకమ్మ వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఇంట్లో ఏ బాధ వచ్చినా సర్కారుకు చెప్పుకోవచ్చని, సర్కారు అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు జవాబివ్వాలని ఆమె పుస్తకాల్లో చదివింది. చదివినదాన్ని నమ్మింది కూడా. అందుకే ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసింది.

"సింకుకాడ ముసుర్లు, మేడం. పొద్దస్తమానం ముసుర్లే."

"ముసురా అండీ? ఎప్పట్నుంచి?" అంది అవతలి అమ్మాయి.

"ఆషాఢం పోయినకాడి నుంచి."

"అన్ని రోజులా! మధ్యలో తెరిపివ్వలేదా?"

"లైటార్పితే రవ్వంత తగ్గుతాయి."

"అయ్యో. లోపల ఎంతమంది చిక్కుకుపోయారండీ?"

సుంకమ్మ ఆలోచించింది. "నేను, మా ఆయన" అంది. అది అబద్ధం కాదు.

ఇప్పుడు పూర్ణచంద్రరావు ముందు నిలబడి ఆమె తప్పు దిద్దబోయింది. "సార్, నేను చెప్పింది ముసురు కాదు. ముసుర్లు."

"అదే కదమ్మా. ఒకటైతే ముసురు, ఎక్కువైతే ముసుర్లు. బహువచనం. నిజానికి మీకు పెద్ద మబ్బే రావాలి. ఇల్లు చిన్నదని దీంతో సరిపెట్టారు."

"ఇవి ఎగురుతాయి సార్."

"ఎగిరేదైతే గాలివాన కిందికొస్తుంది. దానికి చెట్టు పడి ఉండాలి. మీ వంటింట్లో చెట్టేమైనా పడిందా?"

సుంకమ్మ చుట్టూ చూసింది. గట్టు మీద కొత్తిమీర కట్ట ఒకటి పడి ఉంది. పూర్ణచంద్రరావు దాన్ని వేలితో లేపి చూసి, "ఇది చాలదమ్మా" అన్నాడు, నిజంగానే విచారపడుతూ. ఆయన చెడ్డవాడు కాదు. వెళ్లబోతూ ఆమె చెప్పింది మళ్లీ ఒకసారి చెప్పించుకుని, మీ వైపు ముసురు అంటే చిన్న ఈగ అన్న సంగతి పైవాళ్లకు తప్పకుండా తెలియజేస్తానని మాటిచ్చాడు. వారం వారం వచ్చి ముసురు తగ్గిందో లేదో అడుగుతానని, తగ్గిన రోజు మబ్బును తీసుకుపోతానని చెప్పాడు.

సాయంత్రానికి సహాయ సామగ్రి వచ్చింది. పులిహోర పొట్లాలు, కొవ్వొత్తులు, రెండు గొడుగులు. పడవ కూడా మంజూరైంది గాని మెట్ల మలుపు తిరగక కింద స్కూటర్ల దగ్గరే ఉండిపోయింది. క్వార్టర్ల సంఘం వాళ్లు దానికి పార్కింగ్ చోటు చూపించారు. ఆఫీసు నుంచి వచ్చిన మద్దిలేటి కాళ్లు కడుక్కుని, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో పులిహోర తిన్నాడు.

"ఏమయ్యా, ఏమీ అనవేంది?" అంది సుంకమ్మ.

"మంజూరైంది కదమ్మే, ఇంగేమంటాం" అన్నాడు. ఆయనకు సర్వీసు చాలా ఉంది.

తడి ఎక్కువైన కొద్దీ ముసుర్లు బలిశాయి. అరటిపళ్ల మీద, పోపు డబ్బా మీద, దేవుడి పటం మీద వాలాయి. పక్కింటి భ్రమరాంబ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి చూసింది.

"వాన సంగతి అలా ఉంచండి సుంకమ్మ గారూ. పురుగులకి నే చెప్తా మందు. సింకు పైపైన కడిగితే లాభం లేదండీ, అవి పైపు లోపలి జిగట్లో గుడ్లు పెడతాయి. పాత బ్రష్షు లోపలికి దోపి జిగటంతా లాగెయ్యండి. తినేసోడా వేసి వెనిగర్ పొయ్యండి. పొంగి దిగాక వేణ్ణీళ్లు. పడుకునే ముందు జాలీ మీద పళ్లెం బోర్లించండి. ఎండగట్టారంటే వాటికింక బతుకు లేదు."

"ఎట్ల ఎండగట్టాలక్కా? పైన మబ్బుండాది కదా."

భ్రమరాంబ పైకి చూసింది. "అదీ నిజమేలెండి" అని వెళ్లిపోయింది.

సుంకమ్మ ఆ మాటను అంతటితో వదిలేసేదే. ఊరి నుంచి తమ్ముడు ఉరుకుందు ఫోన్ చేయకపోతే.

"అక్కా, నువ్వు సదువుకున్నదానివి, ఒక మాట సెప్పు. మబ్బులు ఎనక్కి పోతాయా?"

"ఏమైందిరా?"

"మన బుడ్డల సేను మీదికి ఒక మబ్బు వచ్చి నిలబడె. చిన్నదే. ఎడమ పక్క నలిగినట్ల ఉండె. ఊడలు దిగే టైము కదా, ఇంగ కురుస్తాది ఇంగ కురుస్తాదని గట్టు మీద కూసుంటి. ఎవురో పిలిసినట్ల లేసి తూర్పుకు పాయె."

వేరుశనగ చేను గట్టు మీద తమ్ముణ్ణి తలచుకుంటూ సుంకమ్మ సింకు వైపు చూసింది. మబ్బు ఎడమ పక్క నలిగి ఉంది. మెట్ల మీద గోడకు రాసుకుని అట్లా అయిందేమో అనుకుంది ఇన్నాళ్లు. దగ్గరికి పోయి వాసన చూసింది. స్టీలు సింకు మీద పడుతున్న చినుకుల్లోంచి నల్లరేగడి తడిసిన వాసన వస్తోంది.

"చేను ఎన్నాళ్లు ఓర్చుకుంటాదిరా?"

"ఈ పక్షం దాటితే గొర్లకు ఇడిసేయాల్సిందే. సేను పాయెనంటే నేను, నా పెండ్లాము గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపను పోతాము. పిల్లోళ్ల బడి మాన్పించాల. అమ్మను నీకాడ ఇడుస్తా. ఒగేళ నీకు ఆ మబ్బు కనపడితే సెప్పక్కా."

"చెప్తాలేరా" అంది సుంకమ్మ. మబ్బు ఇబ్బందిగా గోడ వైపు తిరిగింది.

మబ్బు ఊరికి పోవాలంటే ముసురు తగ్గాలి. ముసురు తగ్గిందని ఆమె నోటితో చెప్పాలంటే ముసుర్లు పోవాలి. లెక్క తేలిగ్గానే ఉంది. సింకు మీద చెక్క పలక అడ్డం వేసి, దాని మీద బక్కెట్టు పెట్టింది. చినుకులన్నీ బక్కెట్లో పడ్డాయి, కింద సింకు ఆరింది. బ్రష్షు దోపి తోమితే పైపులోంచి నల్లటి జిగట పేగులాగా ఊడి వచ్చింది. సోడా వేసింది, వెనిగర్ పోసింది, వేణ్ణీళ్లు పోసింది, పళ్లెం బోర్లించింది. రోజూ అదే పని. ముసుర్లు పలచబడ్డాయి. నిండిన బక్కెట్టును పారబోయడానికి చేతులు రాక, ఇంట్లో ఉన్న డబ్బాలన్నిటిలో పోసి మూతలు పెట్టింది.

పూర్ణచంద్రరావు వారం తనిఖీకి వచ్చినప్పుడు ఆమె ముందుగానే అడిగింది. "సార్, ఇది మా ఊరి మబ్బు. ముసురు తగ్గినాక మా తమ్ముని చేను మీదికి పంపుతారా?"

"నేరుగా పంపడానికి లేదమ్మా. తగ్గిన చోటి నుంచి గోదాముకు పోతుంది. అక్కడి నుంచి ఎవరు ఫిర్యాదు చేస్తే వాళ్లకి. మీ తమ్ముణ్ణి ఫోన్ చెయ్యమనండి. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు."

ఉరుకుందు ఆ మధ్యాహ్నమే ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాడు. "మా కాడ ముసురు లేదు మేడం. ఊరు మొత్తం మీద రవ్వంత కూడా ముసురు లేదు" అన్నాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

కాని ఈలోగా పూర్ణచంద్రరావు తన మాట నిలబెట్టుకున్నాడు. సుంకమ్మ వివరణ పైవాళ్లకు నచ్చింది. ప్రజల భాషను గౌరవించాలని వాళ్లు ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. ఇకమీదట సీమ నుంచి వచ్చే ఫిర్యాదుల్లో ముసురు అంటే ఈగ అని, కృష్ణ ఒడ్డు నుంచి వచ్చేవాటిలో వాన అని అర్థం చేసుకోవాలని ఆదేశం వచ్చింది. ఒక్క ఈగ కూడా లేని పల్లె ఉందని తెలిసి ఆఫీసు చాలా సంతోషించింది.

"అక్కా, జీపులేసుకోని వచ్చిరి" అన్నాడు ఉరుకుందు ఫోన్లో. "ఈగల్లేని ఆదర్శ గ్రామమంట. నాకు శాలువ కప్పిరి. సర్పంచికి షీల్డు ఇచ్చిరి. ఇంగ ముందు కూడా రాకుండా పొగ మిషను ఒకటి ఇచ్చిపోయిరి."

"వాన సంగతి అడగలేదా?"

"అడిగితి. వాన మాది కాదు, మేము ఈగలోళ్లము అనిరి. బుడ్డల ఆకు ముడుసుకపాయె అక్కా. రేపు పొగ కొడతారంట దాని మీద."

తర్వాతి తనిఖీకి పూర్ణచంద్రరావు ఒక గోనెసంచి, పురికొస తెచ్చుకున్నాడు. వంటిల్లు శుభ్రంగా ఉంది. సింకు తళతళలాడుతోంది. మబ్బు బుద్ధిగా దగ్గరికి ముడుచుకుని, సంచిలో పట్టేటట్టు ఒదిగి కూర్చుంది.

"భీమవరం వైపు నుంచి ఒక ఫిర్యాదుందమ్మా" అన్నాడు ఆయన సంచి మూతి తెరుస్తూ. "ఎవరిదో పెళ్లికి కార్పెట్ మీద దుమ్ము లేవకుండా సన్నగా కురవాలట. మరి, ముసురు తగ్గినట్టేనా?"

సుంకమ్మ గోడల కేసి చూసింది. ఇన్నాళ్ల కష్టానికి ముసుర్లన్నీ పోయాయి. పళ్లెం అంచు మీద మాత్రం ఒక్కటి మిగిలి ఉంది. ముసలిదేమో, రెక్క ఒకటి వంగి ఉంది. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ఒక్క దెబ్బ చాలు. అది చస్తే ముసురు తగ్గినట్టే, ఆమె మళ్లీ తన వంటింట్లో తలుపులు తీసుకుని, పొయ్యి ముట్టించుకుని వండుకోవచ్చు. గోడ పక్కన మూతలు పెట్టిన డబ్బాలు వరసగా ఉన్నాయి.

ఆమె తడిగుడ్డను భుజం మీద వేసుకుంది.

"తగ్గలేదు సార్" అంది. "అదో, కనపడతాంది కదా."

పూర్ణచంద్రరావు తలెత్తి చూశాడు. ఆయనకు సన్నగా కురుస్తున్న మబ్బు కనిపించింది. "అవునమ్మా, కనపడుతూనే ఉంది" అని రాసుకుని, సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన మెట్లు దిగేదాకా ఆగి, సుంకమ్మ జాలీ మీది పళ్లెం తీసేసింది. మాగి నల్లబడిన అరటిపండు ఒకటి ఒలిచి తూము పక్కన పెట్టింది. ముసలి ముసురు కాసేపు అనుమానంగా చూసి, వచ్చి వాలింది.

"తినమ్మా" అంది సుంకమ్మ.

అప్పటి నుంచి ప్రతి వారం నిండిన డబ్బాలు ఆదోని బస్సు మీద వెళుతున్నాయి. మద్దిలేటి ఒక భుజాన డబ్బా, ఒక చేతిలో గొడుగు పట్టుకుని బస్టాండుకు పోతాడు. మొదటిసారి కండక్టరు "ఏముందన్నా ఇందులో?" అని అడిగాడు. "ముసురు" అన్నాడు మద్దిలేటి. "మూత గట్టిగా పెట్టు, సీట్లు తడుస్తాయి" అన్నాడు కండక్టరు.

ఉరుకుందు బస్సుకు ఎదురొచ్చి దించుకుంటాడు. చెంబుతో మొదలు మొదలుకూ పోస్తాడు. చేనంతా కాకపోయినా రోడ్డు వైపు నాలుగు సాళ్లు తేరుకున్నాయి. పిల్లలు ఇంకా బడికి పోతున్నారు. ఈసారి వాన ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే, "పరవాలేదు, మూడు డబ్బాలు" అంటున్నాడు.

"నీళ్లతో పాటు ముసుర్లు కూడా వస్తుండాయక్కా" అని ఒకసారి చెప్పాడు.

"సర్పంచి ఏమీ అనలేదా? ఆదర్శ గ్రామం కదా."

"అనె. ఎవురన్నా వచ్చి అడిగితే ఇవి ముసుర్లు కాదు, చినుకులు అని సెప్పమనె. మేమూ అట్లే అంటుండాము. అలవాటయిపాయె."

"చంపొద్దురా వాటిని."

"ఎవురు సంపుతారక్కా, చినుకుల్ని?"

ఒక సాయంత్రం భ్రమరాంబ వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండానే వంటింటి గుమ్మంలో నిలబడింది. సలహా చెప్పడానికి రాలేదు. "మా పుట్టింటి వాళ్లది కాలవ చివరి పొలమండీ. పైవాళ్లు వాడుకున్నాక ఇంక చుక్క దిగదు" అంది. గొంతు తగ్గించింది. "మీరు ఆ రోజు ఫోన్లో సరిగ్గా ఏమన్నారు?"

సుంకమ్మ మాట మాటా చెప్పింది. తెరిపి సంగతి అడిగితే ఏం చెప్పాలో, ఎంతమంది చిక్కుకున్నారంటే ఏం చెప్పాలో నేర్పింది. తర్వాత ఒక గ్లాసు తీసుకుని, పెరుగుకు తోడు ఇచ్చినట్టుగా, సింకు దగ్గర నుంచి నాలుగు ముసుర్లను పట్టి, పైన చిల్లుల మూత పెట్టి ఆమె చేతికిచ్చింది.

"పైపు తోమొద్దక్కా. ఉన్న జిగట ఉండనీ. రెండు దినాలకు తోడుకుంటాయి."

ఇప్పుడు ఆ క్వార్టర్లలో ఎవరూ సింకులు తోమడం లేదు. అందరికీ ఎక్కడో ఒక ఊరుంది.